తాలీం వెనక రింగాట

మొన్న మా వీధిలోని బడిలో ఆటల పోటీలని పొద్దున్నే మైదానం తడిపి సున్నపు గీతలు గీస్తున్నారు. పాల ప్యాకెట్ కోసం బయల్దేరినదాన్ని గోడ పక్కన ఆగిపోయాను. తడి మన్ను, తడి సున్నం కలిసిన ఆ వాసన తగిలేసరికి కాళ్లు కదల్లేదు. "ఏమ్మా, కళ్లు తిరుగుతున్నయా?" అంటూ వాచ్‌మన్ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చున్నాను. కళ్లేమీ తిరగలేదు. తాండూరులో మా ఆటల బంగ్లా కళ్ల ముందుకు వచ్చింది, అంతే.

బంగ్లా గేటు మీద ఇంగ్లీషులో పెద్ద పేరే ఉండేది. ఆ పేరు ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. ఆటల బంగ్లా అంటే అందరికీ తెలుసు. నిజాం కాలంలో అధికారులు తెల్ల బట్టలు వేసుకుని టెన్నిస్ ఆడుకోవడానికి కట్టించుకున్నారట. పోలీస్ యాక్షన్ తర్వాత ఎటువాళ్లు అటు పోయారు. గేటుకు తాళం పడింది. టెన్నిస్ కోర్టులో మోకాలెత్తు గడ్డి పెరిగితే మా నాయిన బర్రెలు గోడ కూలిన సందులోంచి దూరి అందులోనే మేసేవట. ఆ సంగతి చెప్పేటప్పుడు నాయిన మొహంలో కాస్త గర్వం కనిపించేది, అధికారుల బంగ్లాలో మొదట అడుగుపెట్టింది తన బర్రెలే అన్నట్టు.

కొన్నాళ్లకు మా ఊరి వకీలు సాబ్ పూనుకుని హైదరాబాదు చుట్టూ తిరిగి ఆ తాళం తీయించాడు. క్లబ్బుకు ఆయనే ప్రెసిడెంటు. నల్లకోటు, వెండి పొన్ను వేసిన చేతికర్ర, నోట్లో ఎప్పుడూ లవంగం. గేటు తెరిచాక ఒక్కొక్క ఆటా వచ్చి చేరింది. ఒక్కొక్క ఆటకూ ఒక డిపార్ట్‌మెంట్ అని పేరు పెట్టారు. టెన్నిస్ వకీళ్లది, డాక్టర్లది. వాలీబాల్ రైల్వేవాళ్లది. ఆట మంచి పట్టు మీద ఉండగా గూడ్సుబండి కూత వినబడితే సగం మంది వల కింద నుంచి దూరి స్టేషన్‌కు పరుగెత్తేవాళ్లు. కబడ్డీ బండల గనుల్లో పనిచేసే పడుచువాళ్లది, వాళ్లకు మా నాయిన కెప్టెన్. వెనకవైపు రేకుల కొట్టంలో కుస్తీ తాలీం, దానికి ఉస్తాద్ ఉండేవాడు. చెవులు నలిగి గవ్వల్లా ముడుచుకుపోయిన పెద్ద పహిల్వాన్. లోపలి గదిలో క్యారంబోర్డు ముసలి షావుకార్లది. కుస్తీవాళ్లు చప్పుడు లేకుండా పట్లు పట్టేవాళ్లు గానీ, క్యారమ్స్ గదిలో మాత్రం రోజూ గొడవే.

ఎవరి డిపార్ట్‌మెంట్ వాళ్లకు గొప్ప. అందరినీ కలిపేది ఒక్కటే, వికారాబాద్. అక్కడి క్లబ్బు మాకన్నా పాతది. అనంతగిరి గాలి, పెద్ద జంక్షను, శానిటోరియం డాక్టర్లు, అన్నీ వాళ్లకే ఉన్నాయని మావాళ్లకు లోపల మంట. అక్కడికి ఆడటానికి వెళ్లి ఓడి వస్తే, "ఆడ గాలి మస్తుగ కొడ్తది, బంతి నిలువదు" అనేవాళ్లు. గెలిచి వస్తే గాలి ఊసే ఉండేది కాదు.

మాది పెద్దేముల్ పక్కన చిన్న పల్లె. గొర్ల మందతో బతికిన ఇల్లు. నాయిన మందను తమ్ముడికి వదిలి, బర్రెల్ని తోలుకుని తాండూరు వచ్చాడు. అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ పొద్దున ఇళ్లకు పెరుగు పోసేది. సాయంత్రం బంగ్లాకు చల్ల తెచ్చేది. అల్లం, కరివేపాకు దంచి వేసిన ఆ చల్ల కోసం టెన్నిస్‌వాళ్లు, కబడ్డీవాళ్లు ఒకే కుండ చుట్టూ నిలబడేవాళ్లు. బాగా పులిసినది ఉస్తాద్‌కు. ఆయన దాన్ని తాలీంలోని ఎర్రమట్టిలో పోసి, పసుపు, నూనె, వేపాకు కలిపి కాళ్లతో తొక్కించేవాడు. ఆ కొట్టంలోకి వెళ్తే వంటింట్లోకి వచ్చామా, పొలంలోకి వచ్చామా అనిపించేది.

మేము పిల్లలం ప్రహరీ గోడ ఎక్కి కూర్చుని, ఉప్పేసి ఉడికించిన కందికాయలు తింటూ ఆటలు చూసేవాళ్లం. తొక్కలన్నీ దాచి, దిగేటప్పుడు క్యారమ్స్ గది ముందున్న షావుకార్ల చెప్పుల్లో నింపిపోయేవాళ్లం. కాసేపటికి లోపలినుంచి "ఎవడ్రా అది?" అని కేక వినబడేది. ఆ కేక వినకపోతే మాకు ఆ రోజు నిండినట్టు ఉండేది కాదు.

నాకు పది పన్నెండేళ్లు ఉన్నప్పుడు ఆడపిల్లల బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి. మాట ప్రతిదీ 'అండీ'తో ముగిసేది. అవ్వను ఓసారి "గోంగూర దొరికితే తెచ్చిపెట్టండీ" అని అడిగింది. అవ్వ అంగడంతా తిరిగి, గోంగూర ఎవరి దగ్గరా లేదని చెప్పింది. చేతిలో మాత్రం మా ఇంటికి కొన్న పుంటికూర కట్ట ఉంది. పంతులమ్మ ఆ కట్టను లాక్కుని, "ఇదేనండీ తల్లీ!" అని పడీపడీ నవ్వింది. అప్పటినుంచి వాళ్లిద్దరికీ చనువు.

ఆమె సంచిలో రెండు ఎర్ర రబ్బరు రింగులు ఉండేవి. వల కట్టి, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు విసురుకునే ఆట. ఒక్క చేత్తోనే పట్టాలి, పట్టిన వెంటనే విసరాలి, విసిరే చెయ్యి భుజం దాటి పైకి పోకూడదు. మాకు ఒక్కరోజులోనే పిచ్చి పట్టింది. కానీ మా ఊరు బండల ఊరు. బడి వాకిలంతా బండలే. పడితే మోకాళ్లు చీరుకుపోయేవి. ఇద్దరు తల్లులు వచ్చి పంతులమ్మతో పోట్లాడారు. దాంతో ఆమె మెత్తటి నేల కోసం తిన్నగా ఆటల బంగ్లాకు వెళ్లింది. మేమంతా ఆమె వెనక.

వకీలు సాబ్ లవంగం పక్కకు నెట్టి, "పంతులమ్మగారు, గిది మొగోళ్లు ఆడే జాగ. ఆడపిల్లలు, ఆడోళ్లు గిక్కడ దుంకులాడితే ఊరు ఏమనుకుంటది?" అన్నాడు.

"ఊరు ఏమనుకుంటుందో అడిగి చూద్దామండీ. ముందు మీరేమనుకుంటున్నారు?" అంది పంతులమ్మ.

ఆయన మాట తప్పించి డిపార్ట్‌మెంట్లను అడిగాడు. టెన్నిస్‌వాళ్లు గీతలు చెడిపోతాయన్నారు. వాలీబాల్‌వాళ్లు తమకే జాగా చాలడం లేదన్నారు. కబడ్డీ తరఫున మా నాయిన నేల చూపులు చూశాడు. అప్పుడు చల్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు.

"నా తాలీం వెనక జర జాగ ఖాళీ ఉన్నది సాబ్. మన్ను మెత్తగ జేసి ఇస్త. చుట్టు కనాతు కట్టిస్త. వాళ్లు ఆడేటప్పుడు గేటుకాడ నేను కూసుంట. ఎవడొస్తడో చూస్త."

ఆ గేటు దగ్గర ఉస్తాద్ కూర్చుంటే వచ్చేవాడు ఎవడు? వకీలు సాబ్‌కు ఒప్పుకోక తప్పలేదు. పెళ్లి పందిళ్లకు కట్టే ఎర్రచారల గుడ్డ నాలుగువైపులా కట్టారు. అలా మా క్లబ్బులో ఆడవాళ్ల డిపార్ట్‌మెంట్ పుట్టింది.

మొదట బడిపిల్లలమే వెళ్లాం. తర్వాత క్యారమ్స్ ఆడే ఒక షావుకారు భార్య వచ్చింది. ఆయాసం తగ్గాలంటే ఒళ్లు కదలాలని డాక్టరు చెప్పాడట. ఇల్లు పక్క సందులోనే అయినా పరదా కట్టిన టాంగాలో వచ్చేది. నిండు మనిషి. మోచేతి దాకా గాజులు. రింగు తన దగ్గరికి వస్తే పట్టేది, ఒక అడుగు పక్కన పడితే దాన్ని జాలిగా చూసేది.

ఒకరోజు ఆమె విసిరిన రింగు కనాతు దాటి బయటికి పోయింది. అప్పుడే అవ్వ నెత్తిన చల్లకుండతో వస్తోంది. ఎడమచేత్తో కుండ పట్టుకుని, కుడిచెయ్యి చాచి గాలిలోనే రింగును అందుకుంది. నడక ఆపకుండానే తిరిగి విసిరింది. రింగు గుడ్డ మీదుగా వచ్చి వలకు అవతల పంతులమ్మ కాళ్ల ముందు పడింది. చల్ల చుక్క ఒలకలేదు.

పంతులమ్మ కనాతు ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. "ఇదెక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్సుడేంది? గొర్లకాడ ఒడిసెల తిప్పిన చెయ్యి" అంది అవ్వ. ఒడిసెల అంటే రెండు తాళ్ల నడుమ రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరేది. పిట్టల్ని, నక్కల్ని తరిమేది.

"రేపటినుంచి మీరూ రావాలి."

"నాకు ఆటలేంది అమ్మా? నవ్వుతరు."

అలా అన్నదే గానీ మర్నాడు చల్లకుండ దించి, చీర గోచి బిగించి కోర్టులోకి దిగింది. దిగిన రోజునుంచి ఆమెతో ఆడటానికి మేము వంతులు వేసుకునేవాళ్లం. ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని కళ్లు నలుపుకునే అవ్వ, అక్కడ రింగు కోసం ఎగిరి దూకుతుంటే నాకు ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు ఉండేది. నవ్వినప్పుడు ఆమెకు బుగ్గ మీద సొట్ట పడుతుందని నేను ఆ కోర్టులోనే చూశాను.

ఈ మాట కబడ్డీ కుర్రాళ్లకు తెలిసింది. "కెప్టెన్, ఇంట్ల ఇంకో కెప్టెన్ తయారయ్యిందంట గద!" అన్నారట. నాయిన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"రేపటిసంది పోకు" అన్నాడు.

అవ్వ రొట్టె పెనం మీద వేసి వెనక్కి తిరిగింది. గోడకు ఆనుకుని ఆకు నములుతున్న నాయినమ్మ అంది. "ఆ ఏడు మందల తోడేలు పడ్డప్పుడు యాడున్నవ్‌రా నువ్వు?"

"గదిప్పుడెందుకే?"

"సంతల ఉన్నవ్. గీ పిల్లను కడుపుల పెట్టుకొని ఇది ఒడిసెల తిప్పి తోడేలును కొట్టింది. ఊరంత చూసింది. ఇంటింటికి పోయి నా పెండ్లాం తోడేలును కొట్టిందని నువ్వే చెప్పుకున్నవ్. గప్పుడు లేని సిగ్గు గిప్పుడు యాడికెళ్లి వచ్చింది?"

నాయిన రొట్టె తుంచి పప్పులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అవ్వ మర్నాడు కూడా వెళ్లింది.

సీతాఫలాలు వచ్చే కాలంలో వికారాబాద్ నుంచి కబురు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు రింగాటకు పిలిచారు. పంతులమ్మ ఎగిరి గంతేసింది. వకీలు సాబ్‌కు మాత్రం గుండె దడ. "మీరు పోయి ఆడ మన పరువు తీసి వచ్చిన్రనుకో, తాలీం వెనక బండలు పరిపిస్త. షావుకార్లు సాయంత్రం కుర్చీలేసుకొని కూసుంటరు. మళ్ల నన్ను అనొద్దు" అన్నాడు. క్యారమ్స్ గదిలోంచి "బాగ చెప్పినవ్ సాబ్" అని వినబడింది. మా కోర్టు పోతుందనేసరికి నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

బయల్దేరే రోజు పొద్దున అవ్వ పెరుగు ఎవరికి అప్పగించాలా అని తటపటాయిస్తోంది. నాయిన తలకు తువ్వాలు చుట్ట చుట్టుకుని కుండ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "నేను పోస్త. పో, బండి పోతది" అన్నాడు. కబడ్డీ కెప్టెన్ పెరుగుకుండ ఎత్తుకుని బజారులో నడుస్తుంటే మొదటి మూల మీద ఎవరో నవ్వారట. రెండో మూల దాకా ఆ నవ్వు రాలేదట. ఎందుకు రాలేదో నాయిన ఎప్పుడూ చెప్పలేదు.

ప్యాసింజరు బండి. జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి, పల్లికారం. షావుకారమ్మ ఇత్తడి డబ్బా విప్పి బొబ్బట్లు పంచింది. అవ్వకు ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి ఎత్తి పైనుంచి వేసింది. "పాలామె, తీస్కో" అంది. అవ్వ కొంగు పట్టి తీసుకుంది. వాళ్లిద్దరూ జోడీగా ఆడాలి. ఎట్లా ఆడతారా అని నాకు బెంగ.

వికారాబాద్‌లో దిగగానే చల్లటి గాలి. ప్లాట్‌ఫారం మీద వరుసగా సీతాఫలాల గంపలు. వాళ్ల కోర్టుకు కనాతు లేదు. చుట్టూ బెంచీలు, వాటి మీద మొగవాళ్లు, ఆడవాళ్లు, నౌకర్లు కూడా. షావుకారమ్మ కొంగు నుదుటి దాకా లాక్కుని, "ఇట్ల అందరి ముందట్నా?" అని నిలబడిపోయింది. పంతులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

ముందు పంతులమ్మ ఒంటరి ఆట. గెలిచింది. తర్వాత బడిపిల్లల ఆట, నేనూ నా జోడీ. నేను విసిరిన రింగు రెండుసార్లు వలకే తగిలింది. ఓడిపోయి వచ్చి అవ్వ ఒడిలో మొహం దాచుకున్నాను. "ఏడ్వకు బిడ్డా. మా వంతు ఉన్నది" అంది అవ్వ. ఇక అవ్వ, షావుకారమ్మల జోడీతోనే తేలాలి.

అవతల ఇద్దరు నర్సులు. తెల్ల కాన్వాసు బూట్లు, బిగించిన జడలు. ఇటు మా అవ్వ ఉత్తకాళ్లతో, పక్కన గాజుల షావుకారమ్మ. ఆట మొదలైంది. అవ్వ పట్టిన ప్రతి రింగూ ఈలగా దూసుకుపోయేది. కానీ ఒడిసెల అలవాటు. జనం కేకలు వేస్తుంటే ఆవేశంలో చెయ్యి భుజం దాటి పైకి లేచేది. తీర్పు చెప్పే పెద్దాయన ఈల ఊదేవాడు. తప్పు. మళ్లీ ఈల. మళ్లీ తప్పు. మొదటి ఆట అట్లాగే పోయింది.

షావుకారమ్మకు కోపం వచ్చింది. ముసుగు ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. "చెయ్యి కింద పెట్టు! కింద పెట్టరాదు!" అని అరిచింది. ఇంటి గడప దాటి ఆమె గొంతు వినబడటం అదే మొదటిసారి అయివుంటుంది. అవ్వ కొంగును కుడిభుజం మీదుగా గట్టిగా లాగి నడుముకు బిగించి దోపింది. చెయ్యి పైకి లేస్తే కొంగు పట్టి లాగుతుంది. ఇక ఈల మోగలేదు. రింగు వలకు ఆనీ ఆనకుండా నేల బారుగా పోయి మూలల్లో పడటం మొదలైంది. నర్సులు అటూ ఇటూ పరుగెత్తారు. రెండో ఆట మాది.

మూడో ఆట సమానంగా నడిచింది. జనం లేచి నిలబడ్డారు. మావైపు ముందుకు వచ్చిన రింగుల్ని షావుకారమ్మ కదలకుండా కొంగలా పట్టేది, వెనక్కి పోయినవన్నీ అవ్వవి. చివరికి ఒక రింగు షావుకారమ్మకు బాగా దూరంగా వచ్చింది. అవ్వ అందుకోలేనంత మూలకు. అప్పుడు ఆ నిండు మనిషి పరుగెత్తింది. నిజంగా పరుగెత్తింది. గాజులు గలగలలాడుతుంటే రింగును గాలిలో పట్టుకుని, పట్టానన్న సంతోషం ఆపుకోలేక, రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

రెండు చేతులు తగిలితే తప్పు. ఈల మోగింది. ఓడిపోయాం.

ఆమె రింగును హత్తుకునే నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాం. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అవ్వ దగ్గరికి వెళ్లి చెయ్యి ఇచ్చి లేపబోయి తనూ పక్కన కూలబడింది. "పట్టిన చెల్లె! చూసినవా, పట్టిన!" అంటూ షావుకారమ్మ అవ్వ భుజం మీద తల వాల్చి నవ్వుతోంది. నర్సులు కూడా వల కింద నుంచి దూరి వచ్చారు. మా గంప నిండా సీతాఫలాలు నింపి పంపారు. తిరుగు బండిలో షావుకారమ్మ ఒక పండును చేత్తో విప్పి సగం తను తింది, సగం అవ్వ చేతిలో పెట్టింది.

తాండూరు దగ్గర పడుతుంటే అందరి నవ్వులూ తగ్గాయి. రైల్వేవాళ్లకు ఫోన్లో కబురు అప్పటికే అందింది. ప్లాట్‌ఫారం మీద క్లబ్బు మొత్తం ఉంది. ముందు వకీలు సాబ్, వెనక షావుకార్లు, ఒక పక్కగా ఉస్తాద్, స్తంభానికి ఆనుకుని మా నాయిన. పంతులమ్మ దిగి, "ఓడిపోయామండీ" అంది మెల్లగా.

"తెలిసింది" అన్నాడు వకీలు సాబ్. "నేను ముందే చెప్పిన..."

"సాబ్, ఒక్క మాట" అన్నాడు ఉస్తాద్. "టెన్నిస్ డిపార్ట్‌మెంట్ వికారాబాద్‌ల ఎన్నిసార్లు గెలిచింది?"

వకీలు సాబ్ లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. వాలీబాల్‌వాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఒక్కసారి గూడ గెలువలే గద? మరి ఆ కోర్టుల బండలు ఎప్పుడు పరిపిద్దాం?"

ప్లాట్‌ఫారం అంతా గొల్లుమంది. వకీలు సాబ్ కాసేపు గంభీరంగా నిలబడాలని చూశాడు. చేత కాలేదు. "ఉస్తాద్, నువ్వు నల్లకోటు తొడగలేదు గనుక నా బతుకు నడుస్తున్నది" అని తనూ నవ్వేశాడు. "జాగ మీదే పోండ్రి!" స్టేషన్ బయట షావుకారమ్మ వాళ్లాయన ముందుకు వచ్చి టాంగా పరదా ఎత్తి పట్టుకున్నాడు. "నడుస్త" అని ఆమె మాతోపాటే నడిచింది.

ఇంటికి పోయే దారిలో నాయిన బజారు దాటాక, "మొదటి ఆటల చెయ్యి ఎందుకు లేపినవ్?" అన్నాడు.

"కేకలేస్తుంటే ఆగలే."

"జనం దిక్కు చూడొద్దు. ఎదుటోని నడుము చూడాలె. నడుము ఎటు తిరిగితే ఆట అటు పోతది."

"రింగాటల నడుము కాదు, మణికట్టు చూడాలె. నీకేం తెల్సు?"

"మణికట్టా?" అని నాయిన ఆగిపోయాడు. "ఎట్ల?"

అవ్వ నడిరోడ్డు మీద గంప దించి, ఒక సీతాఫలం తీసి చూపించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం షావుకారమ్మ కోర్టులోకి వచ్చి, "గాలి ఆడ్తలేదు, గీ గుడ్డ తీసెయ్యున్రి" అంది. ఉస్తాద్ తాళ్లు విప్పి కనాతు మడత పెట్టాడు. మళ్లీ కట్టమని ఎవరూ అనలేదు. తర్వాతి ఏళ్లలో నేను పెద్ద జట్టులో ఆడాను. వికారాబాద్‌లో గెలిచాం కూడా. గెలిచిన రోజుల కంటే ఆ ఓడిన రోజే నాకు ఇప్పటికీ ఎక్కువ గుర్తుంది.

ఇప్పుడు ఆ జాగాలో బండలు పాలిష్ చేసే యంత్రాలు ఉన్నాయి. ఉస్తాద్ లేడు, వకీలు సాబ్ లేడు. పంతులమ్మ బదిలీ మీద వెళ్లినప్పుడు ఊరు సగం స్టేషన్‌కు వచ్చింది. వాళ్లందరూ నా చిన్నతనంలోనే పెద్దవాళ్లు. అవ్వ కూడా పెద్దదే అనుకునేదాన్ని.

అవ్వ ముసలితనంలో మంచం పట్టాక ఒకసారి అడిగాను. "అంత వయసొచ్చినంక ఆట నేర్చుకోవడం కష్టమనిపించలేదా అవ్వా?"

ఆమె నా వైపు తిరిగి ఆశ్చర్యంగా చూసింది. "ఎంత వయసే? నాకప్పుడు ముప్పై గూడ నిండలే. నువ్వు అవ్వా అవ్వా అని పిలుస్తుంటివి గని, నేను గూడ పిల్లనే గదనే బిడ్డా" అంది. బుగ్గ మీద ఆ సొట్ట పడింది.